ఇంగ్లీషులో గొంతు పెంచినప్పుడు తగిన క్రియను ఎంచుకోవడం ఎలా

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి ఏదైనా రాయవలసి వచ్చినప్పుడు, మనిషి గొంతు పెంచిన ప్రతి చోటా మనలో చాలామందికి మొదట తోచేది 'షౌట్' అనే క్రియ. కేక వేసినా షౌట్, కసిరినా షౌట్, గావుకేక పెట్టినా షౌట్, శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడు మంత్రిపై విరుచుకుపడినా షౌట్. కొంత పట్టుదల ఉన్నవారు పర్యాయపదాల నిఘంటువు తెరిచి, అక్కడ వరుసగా కనిపించే యెల్, స్క్రీమ్, బెల్లో, రోర్, థండర్ వంటి మాటల్లో తాము ఇంతవరకు వాడనిదాన్ని ఏరుకుంటారు. నా ఉద్దేశంలో ఈ రెండో పద్ధతి మొదటిదానికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. షౌట్ అని రాస్తే వాక్యం చప్పగా ఉంటుంది, అంతే. తగని చోట బెల్లో అని రాస్తే మర్యాదస్తుడైన మనిషి ఆ వాక్యంలో ఆంబోతులా రంకె వేస్తాడు.

ఈ క్రియలన్నీ చిన్న అరుపు నుంచి పెద్ద అరుపు దాకా ఒకే నిచ్చెనకు బిగించిన మెట్లు కావు. శబ్దం ఎంత పెద్దదన్న విషయంలో వీటి మధ్య తేడా నిజానికి స్వల్పం. గొంతు సన్నగా పలికిందా బొంగురుగా పలికిందా, అరిపించినది కోపమా భయమా సంతోషమా, ఆ మాట ఎవరికి చేరాలని అన్నారు, అనడం వల్ల అక్కడ ఏ పని జరిగింది అన్నవే వీటిని వేరు చేస్తాయి. అందువల్ల క్రియ కోసం వెతికే ముందు ఈ సంగతులను మనసులో తేల్చుకోవాలి. తేల్చుకున్న తరువాత, క్రియ వెనుక ఏ చిన్న మాట వస్తుందో చూసుకోవాలి. మనవాళ్ల పొరపాట్లు క్రియ దగ్గరకన్నా ఆ చిన్న మాట దగ్గరే ఎక్కువగా కనిపిస్తాయి.

షౌట్ వెనుక వచ్చే మాట

'షి షౌటెడ్ ఎట్ హిమ్' అంటే ఆమె అతని మీద అరిచింది, అంటే కోపపడింది. 'షి షౌటెడ్ టు హిమ్' అంటే దూరంగా ఉన్న అతనికి వినబడేలా కేక వేసి చెప్పింది. అందులో కోపం లేదు, మధ్యనున్న దూరమో రొదో కారణం. తెలుగులో 'మీద', 'కి' చేసే పనినే ఇక్కడ 'ఎట్', 'టు' చేస్తున్నాయి కాబట్టి ఈ తేడా మనకు కొత్తది కాదు. చిక్కంతా మరోచోట ఉంది. తెలుగులో 'అతన్ని కేకేసింది' అని నేరుగా కర్మతో అనవచ్చు గనుక, ఆ అలవాటుతో 'షి షౌటెడ్ హిమ్' అని రాసేస్తాం. షౌట్ ఆ నిర్మాణాన్ని ఒప్పుకోదు. పిలవడమే ఉద్దేశమైతే 'షి కాల్డ్ హిమ్' అనాలి, లేదా గొంతెత్తి పిలిచిందని చెప్పడానికి 'షి కాల్డ్ అవుట్ టు హిమ్' అనాలి.

ఇలాంటిదే మరొక నియమం. 'హి టోల్డ్ మి ద ఆన్సర్' సరైన వాక్యమే. 'హి షౌటెడ్ మి ద ఆన్సర్' మాత్రం కుదరదు, 'హి షౌటెడ్ ద ఆన్సర్ టు మి' అనే రాయాలి. ఇది ఒక్క షౌట్‌కే పరిమితమైనది కాదు. యెల్, స్క్రీమ్, బెల్లో, గుసగుసలాడడాన్ని చెప్పే విస్పర్, గొణగడాన్ని చెప్పే మంబుల్, ఇలా మాట ఏ తీరున పలికిందో తెలిపే క్రియలన్నీ ఈ పద్ధతినే పాటిస్తాయి. వీటిని ఒకే వర్గంగా చూడవలసిన అవసరాన్ని గుర్తించి ఆర్నల్డ్ జ్వికీ అనే భాషాశాస్త్రవేత్త 1971లోనే ఒక వ్యాసం రాశారు. విద్యార్థికి దీని ప్రయోజనం ఏమిటంటే, ఒక్క షౌట్ నిర్మాణం సరిగా నేర్చుకుంటే మిగిలిన పాతిక క్రియల నిర్మాణం దాదాపుగా వచ్చేసినట్టే.

సహాయం కోసం అరిస్తే 'షౌటెడ్ ఫర్ హెల్ప్'. ఆగమని అరిస్తే 'షౌటెడ్ ఎట్ హిమ్ టు స్టాప్'. సభలో ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు కేకలతో ఆ గొంతును నొక్కేస్తే 'దే షౌటెడ్ హిమ్ డౌన్'. చట్టసభల వార్తలు రాసేవారికి రోజూ పనికివచ్చే ప్రయోగం ఇది, కానీ మన ఇంగ్లీషు రాతల్లో అరుదుగా కనిపిస్తుంది. 'షౌట్ అవుట్' అంటే పేరో జవాబో బయటికి గట్టిగా అనడం. అదే మాట నామవాచకంగా మారి రేడియోలోను సామాజిక మాధ్యమాల్లోను ఫలానావారికి అభినందనలు, కృతజ్ఞతలు అని చెప్పే అర్థంలో స్థిరపడింది. ఆస్ట్రేలియాకో న్యూజిలాండుకో చదువుకు వెళ్లిన మన పిల్లలు స్నేహితులతో బయటికి వెళ్లినప్పుడు 'ఇట్స్ మై షౌట్' అనే మాట వింటే ఉలిక్కిపడనక్కరలేదు. ఈసారి అందరికీ డబ్బులు నేనే ఇస్తానని దాని అర్థం.

యెల్ కూడా దాదాపు షౌట్ వంటిదే అయినా మాటతీరులో దానికన్నా చనువైనది, అమెరికాలో మరింత వాడుక. అక్కడి ఇళ్లలో 'మై మామ్ యెల్డ్ ఎట్ మి' అంటే అమ్మ తిట్టిందని అర్థం. గొంతు నిజంగా ఎంత లేచిందన్నది ముఖ్యం కాదు. అమెరికాలో పెరిగిన పిల్లలు 'డోంట్ యెల్ ఎట్ మి' అన్నప్పుడు, తాను అరవనే లేదు కదా అని తెలుగు తండ్రి ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే. పిల్లవాడు ఫిర్యాదు చేసేది శబ్దం గురించి కాదు, కటువుదనం గురించి. హాలర్ అనేది అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను పల్లెప్రాంతాలలోను వినిపించే మాట. 'గివ్ మి ఎ హాలర్' అంటే అవసరమైతే నాకో కేకెయ్యి అన్నట్టు. కథలో పాత్ర నోట అందంగా ఉంటుంది, నివేదికలో ఉండదు.

క్రై గురించి ఒక హెచ్చరిక అవసరం. ఈనాటి మాటల్లో ఒంటరిగా క్రై అంటే ఏడవడమే. కేక అన్న అర్థం కావాలంటే 'క్రై అవుట్' అనాలి, అది నొప్పికో ఆశ్చర్యానికో అప్రయత్నంగా వెలువడే అరుపు. కానీ పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో పాత్ర మాటల పక్కన 'హి క్రైడ్' అని తరచుగా కనిపిస్తుంది. అక్కడ ఎవరూ ఏడవడం లేదు. ఉద్వేగంతో పలికారని మాత్రమే దాని భావం. పాఠ్యపుస్తకాలలోని పాత కథలను తెలుగు చేసేటప్పుడు పాత్రలను అకారణంగా ఏడిపించిన అనువాదాలు మనకు లేకపోలేదు. ఊరూరా చాటింపు వేసే 'టౌన్ క్రయర్' విషయంలోనూ అంతే. అతను మన దండోరా వేసేవాడికి సోదరుడు.

సన్నని గొంతు, బొంగురు గొంతు

స్క్రీమ్ అనగానే కెవ్వుమన్న కేక స్ఫురిస్తుంది. స్వరం పైస్థాయికి పోవాలి. భయం, నొప్పి, పట్టరాని సంతోషం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అభిమాన నటుణ్ణి చూసిన జనం చేసేది కూడా స్క్రీమ్ చేయడమే. ష్రీక్ ఇంకా సన్ననిది, పొట్టిది, చటుక్కున తెగిపోయేది. స్క్రీచ్ చెవికి గీరుకున్నట్టు ఉండే శబ్దం. గుడ్లగూబకు, బ్రేకు వేసిన టైరుకు చెల్లే క్రియ, మనిషికి వాడితే అవహేళన తొంగిచూస్తుంది. స్క్వీల్ పంది అరుపుకు చెల్లే క్రియే అయినా ఉత్సాహంతో కేరింతలు కొట్టే పిల్లలకు వాడవచ్చు. నేరస్థుల ముఠాల కథల్లో మాత్రం తోటివాణ్ణి పోలీసులకు పట్టించడమని దానికి మరో అర్థం ఉంది.

ఇక్కడ రాసేవారు తమ చేతిని తాము గమనించుకోవలసిన విషయం ఒకటుంది. ఒకే సభలో ఒకే స్థాయిలో గొంతు పెంచిన ఇద్దరిలో పురుషుడు 'థండర్డ్' అని, స్త్రీ 'ష్రీక్డ్' అని రాయడం ఇంగ్లీషు పత్రికా రచనలో చాలాకాలంగా ఉన్న అలవాటు. మొదటిది ఆయనను మేఘంతో పోల్చింది. రెండోది ఆమెకు అదుపు తప్పిందని తీర్పు చెప్పింది. ఇద్దరూ చేసిన పని ఒకటే అయితే ఇద్దరికీ ఒకే క్రియ వాడడం న్యాయం.

బొంగురు గొంతుకు ఇంగ్లీషువారు జంతువులను, ప్రకృతిని ఆశ్రయించారు, మనలాగే. బెల్లో ఎద్దు రంకె. రోర్ సింహగర్జన. థండర్ ఉరుము. ఇవి మనకు సులభంగా అర్థమవుతాయి గనుకనే మోసం చేస్తాయి. తెలుగులో గర్జించడం గౌరవవాచకం. నాయకుడు గర్జించాడంటే ధైర్యంగా పలికాడని మెచ్చుకోవడం. 2001లో కరీంనగర్‌లో జరిగిన తెలంగాణ సభకు సింహగర్జన అని పేరు పెట్టడం వెనుక ఉన్నది ఈ భావమే. ఇంగ్లీషులో రోర్ సాధారణంగా జనసమూహానికో, యంత్రానికో, పగలబడే నవ్వుకో అతుకుతుంది. 'ద క్రౌడ్ రోర్డ్', 'దే రోర్డ్ విత్ లాఫ్టర్' అన్నవి సహజమైన వాక్యాలు. ఒక్క మనిషి రోర్ చేశాడంటే కోపం కట్టలు తెంచుకుందని అర్థం, ధైర్యం చూపాడని కాదు. అందుచేత నాయకుడు గర్జించాడన్నదాన్ని ఇంగ్లీషు చేసేటప్పుడు గర్జనను వదిలి, ధిక్కరించాడనో గట్టిగా ప్రకటించాడనో చెప్పే క్రియను తీసుకోవాలి. సభ పేరును మాత్రం పేరుగానే ఉంచాలి.

బూమ్ అంటే ఖంగుమని మోగే గొంతు. దానిలో కోపం ఉండనక్కరలేదు, పెళ్లిపందిరిలో బంధువులను ఆహ్వానించే పెదనాన్న గొంతు కూడా బూమ్ చేస్తుంది. బార్క్ అంటే పొట్టిగా, తెంపుగా ఆజ్ఞలివ్వడం. కవాతు చేయించే అధికారికి సరిపోతుంది. కుక్క మొరగడం నుంచి వచ్చిందే అయినా, తెలుగులో మనిషిని పట్టుకొని మొరిగాడంటే ఎంత తిట్టో ఇంగ్లీషులో అంత తిట్టు కాదు. మెప్పు మాత్రం ఎంతమాత్రం కాదు. గంభీరమైన గొంతును వర్ణించే 'స్టెంటోరియన్' అనే విశేషణం కూడా మీకు తగలవచ్చు. ట్రాయ్ యుద్ధంలో యాభై మంది గొంతుకు సమానమైన గొంతు ఉందని గ్రీకులు చెప్పుకున్న స్టెంటర్ పేరుమీద అది పుట్టింది. పుస్తకభాషలో తప్ప దాని అవసరం రాదు.

దుఃఖపు అరుపుల్లో బాల్ అనేది పసిపిల్లల ఆరున్నొక్క రాగం; ఆడుకునే బంతి పేరు, ఇదీ ఒకే ఉచ్చారణ కావడంతో విన్నప్పుడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. 'బాల్ హిమ్ అవుట్' అంటే అతనికి గట్టిగా చీవాట్లు పెట్టడం, ఏడవడం కాదు. వెయిల్ మన శోకాలకు దగ్గరిది, అంబులెన్సు సైరనుకూ అదే క్రియ. హౌల్ తోడేలు ఊళ. నొప్పికి, గాలికి, ఒక్కోసారి నవ్వుకు కూడా. ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు అన్నదానికి మాత్రం ఇంగ్లీషులో ఒక్క మాట దొరకదు. నలుగురూ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారన్న భావం రావాలంటే వాక్యాన్ని విప్పి రాసుకోవలసిందే.

పెద్దగా అనకుండానే గట్టిగా అనడం

బలం వేరు, శబ్దం వేరు. కసరడానికి సరైన మాట స్నాప్. అది పొట్టిగా, విసుగుతో తెగినట్టు పలకడం, గొంతు పెంచనక్కరలేదు. 'షి స్నాప్డ్ ఎట్ ద క్లర్క్' అంటే గుమాస్తాను కసిరింది. నోరు జారి అనేయడం 'బ్లర్ట్ అవుట్'. రహస్యం, నిజం, ప్రేమ వంటివి దాని వెనుక కర్మలుగా వస్తాయి.

పట్టుబట్టడాన్ని చెప్పే ఇన్‌సిస్ట్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇది ఒకే రూపంలో రెండు పనులు చేస్తుంది. 'హి ఇన్‌సిస్టెడ్ దట్ హి వజ్ ఇన్నోసెంట్' అంటే తాను నిర్దోషినని గట్టిగా చెప్పాడు. ఇది ఒక సంగతి నిజమనడం. 'హి ఇన్‌సిస్టెడ్ దట్ ద ఫైల్ బి ప్రొడ్యూస్డ్' అంటే ఆ దస్త్రాన్ని హాజరుపరచాలని పట్టుబట్టాడు. ఇది ఒక పని జరగాలనడం. రెండో వాక్యంలో 'వజ్' బదులు 'బి' వచ్చిందని గమనించండి. అక్కడ 'వజ్' రాస్తే, దస్త్రాన్ని అప్పటికే హాజరుపరిచారని అతను వాదించినట్టు అర్థం మారిపోతుంది. కోర్టు కాగితాలు, కార్యాలయ ఉత్తరాలు రాసేవారికి ఇది చిన్న విషయం కాదు. ఇక 'హి ఇన్‌సిస్టెడ్ మి టు కమ్' అన్నది మన దేశంలో ఎంత ప్రచారంలో ఉన్నా వ్యాకరణం ఒప్పుకోని వాక్యం. 'ఇన్‌సిస్టెడ్ దట్ ఐ కమ్' అనో, 'ఇన్‌సిస్టెడ్ ఆన్ మై కమింగ్' అనో రాయాలి.

డిమాండ్ పరిస్థితి ఇంకా విచిత్రమైనది. అది మన పత్రికల తెలుగులో పూర్తిగా కలిసిపోయి, విచారణ జరపాలని డిమాండ్ చేశారు, జీతాలు పెంచాలని డిమాండ్ చేశారు అని రోజూ కనిపిస్తుంది. దాన్ని అలాగే వెనక్కి తీసుకుపోయి 'దే డిమాండెడ్ ఫర్ ఎన్ ఎంక్వైరీ' అని రాస్తాం. నామవాచకంగా ఉన్నప్పుడే డిమాండ్ వెనుక 'ఫర్' వస్తుంది. క్రియగా ఉన్నప్పుడు 'దే డిమాండెడ్ ఎన్ ఎంక్వైరీ' అంటే చాలు. అంతకన్నా ముఖ్యమైనది దాని ధాటి. తెలుగులో ఈ మాట అరిగిపోయి మామూలు కోరికగా మారింది కానీ, ఇంగ్లీషులో డిమాండ్ ఇంకా బల్ల గుద్ది అడగడమే. ఒక సంఘం మర్యాదగా ఇచ్చిన వినతిపత్రాన్ని వార్తగా రాసేటప్పుడు 'కాల్డ్ ఫర్ ఎన్ ఎంక్వైరీ' అనడం సరైన తూకం.

ప్రొటెస్ట్ కూడా ఒకచోట కాలికి అడ్డుపడుతుంది. 'హి ప్రొటెస్టెడ్ హిజ్ ఇన్నోసెన్స్' అంటే తన నిర్దోషిత్వాన్ని వ్యతిరేకించాడని కాదు, నిర్దోషినని మొత్తుకున్నాడని. నిరసన అన్న అర్థంలో బ్రిటన్‌వారు 'ప్రొటెస్ట్ అగైన్‌స్ట్ ద డెసిషన్' అంటారు, అమెరికావారు 'అగైన్‌స్ట్' లేకుండానే రాస్తారు. మన చదువు మొదటి పద్ధతిది కనుక దానికే కట్టుబడడం మంచిది; ఒకే వ్యాసంలో రెండూ కలపకూడదు.

స్పీక్ అప్, స్పీక్ అవుట్, కాల్ అవుట్ అనే మూడింటిని కలగాపులగం చేయడం మామూలే. వినబడడం లేదు, కాస్త గట్టిగా మాట్లాడండి అనడానికి 'స్పీక్ అప్' అంటారు. అదే 'స్పీక్ అప్ ఫర్' అయితే ఒకరి పక్షాన నోరు విప్పడం. 'స్పీక్ అవుట్' అంటే ఇబ్బంది కలుగుతుందని తెలిసినా అన్యాయం గురించి బహిరంగంగా చెప్పడం. దీనికి 'అగైన్‌స్ట్' తోడవుతుంది. తెలుగులో గళమెత్తడం అన్నదానికి ఇదే సరైన జోడీ. 2017లో మీటూ ఉద్యమం వ్యాపించినప్పుడు 'స్పోక్ అవుట్' అన్న క్రియను ఎందరో స్త్రీల విషయంలో వాడారు. వారిలో చాలామంది నోటితో అనలేదు, రాశారు. అయినా ఆ క్రియ చక్కగా సరిపోయింది, ఎందుకంటే దానికి శబ్దంతో నిమిత్తం లేదు. 'కాల్ అవుట్' కొత్తగా సంపాదించుకున్న అర్థం ఒకరిని వేలెత్తి చూపి బహిరంగంగా నిలదీయడం. ఇక్కడ చిన్న మాట ఎంత పని చేస్తుందో చూడండి: 'షి కాల్డ్ అవుట్ టు హిమ్' అంటే అతన్ని గొంతెత్తి పిలిచింది, 'షి కాల్డ్ హిమ్ అవుట్' అంటే అతని తప్పును అందరిముందు ఎత్తిచూపింది.

చాటింపు వేసే క్రియలు

కేక వేయడమని అర్థమున్న 'క్లామారే' అనే లాటిన్ ధాతువు నుంచి ఒక పెద్ద కుటుంబం ఇంగ్లీషులోకి వచ్చింది. ఎక్స్‌క్లెయిమ్, ప్రొక్లెయిమ్, డిక్లెయిమ్, అక్లెయిమ్, చివరికి భూమి మీద హక్కు చెప్పుకునే క్లెయిమ్ కూడా ఆ కుటుంబంలోనివే. ఎక్స్‌క్లెయిమ్ అంటే ఆశ్చర్యమో ఆనందమో పట్టలేక ఒక్కసారిగా అనడం. ప్రశ్న పక్కన దాన్ని పెట్టకూడదు, పొడుగాటి ఉపన్యాసం పక్కన అసలే పెట్టకూడదు. ప్రొక్లెయిమ్‌లో అధికారం ఉంది. ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసిన తరువాత విక్టోరియా రాణి పేరిట 1858 నవంబరు 1న చదివిన ప్రకటనను ప్రొక్లమేషన్ అన్నారు. చాటి చెప్పే హక్కు ఉన్నవారు చాటి చెప్పడం అది. ఈ మాటలు నామవాచకాలయ్యేటప్పుడు వర్ణక్రమంలో ఐ అక్షరం జారిపోతుందని గుర్తుంచుకుంటే ఎక్స్‌క్లమేషన్, ప్రొక్లమేషన్ రాయడంలో తప్పు పోదు.

డిక్లెయిమ్ అంటే వేదికమీద భావయుక్తంగా, కొంత ఆర్భాటంగా పలకడం. మన పౌరాణిక నాటకంలో పద్యం చదివే నటునికి ఈ క్రియ సగమే సరిపోతుంది, ఎందుకంటే ఆయన రాగం తీస్తాడు. పద్యం పాడాడనే రాసి, పద్యం తరువాతి వచనానికి డిక్లెయిమ్ వాడుకోవచ్చు.

గగ్గోలు పెట్టడానికి మన ఇంగ్లీషు పత్రికలు ఇష్టంగా వాడే 'హ్యూ అండ్ క్రై'లోని హ్యూ రంగు కాదు. అది అరుపు అన్న అర్థమున్న పాత ఫ్రెంచి మాట. ఇంగ్లండులో 1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం నేరాన్ని చూసినవారు కేకలు వేయాలి, విన్నవారు దొంగను తరమాలి. ఆ న్యాయపరిభాష ఇప్పుడు పత్రికల్లో బతుకుతోంది. నినాదాన్ని తెలిపే స్లోగన్ కూడా స్కాట్లాండు గేలిక్ భాషలో సైన్యం వేసే యుద్ధపు కేక. నినాదాలు చేశారన్నదానికి మనవారు 'రెయిజ్డ్ స్లోగన్స్' అంటారు, బ్రిటన్‌లో 'చాంటెడ్' అంటారు. మనదాన్ని తప్పనడానికి నేను ఒప్పుకోను, అది భారతీయ ఇంగ్లీషు సంపాదించుకున్న ప్రయోగం. విదేశీ పాఠకుల కోసం రాసేటప్పుడు మాత్రం చాంట్ వాడితే తడబాటు ఉండదు. మాట్లాడేవారిని మధ్యలో ఎగతాళి ప్రశ్నలతో వేధించడం హెకిల్. అవిసె నారను ఇనుప పళ్ల దువ్వెనతో దువ్వడం దాని పూర్వార్థం.

ధ్వజమెత్తినవారు, నిప్పులు చెరిగినవారు

తెలుగు పత్రికల్లో ఎవరూ ఊరికే విమర్శించరు. ధ్వజమెత్తుతారు, దుయ్యబడతారు, మండిపడతారు, నిప్పులు చెరుగుతారు. వీటిని ఇంగ్లీషు చేసేవారు 'స్లామ్' వైపు పరుగెత్తుతారు. స్లామ్ శీర్షికలో ఇమడడానికి పుట్టిన పొట్టి క్రియ; వార్త లోపలికి వచ్చాక 'క్రిటిసైజ్డ్' అనడమే నిజాయితీ. విమర్శ నైతికమైనది, బహిరంగమైనది అయినప్పుడు డినౌన్స్ తగుతుంది. అది వ్యక్తినీ ఖండిస్తుంది, చర్యనూ ఖండిస్తుంది. డిక్రై పరిస్థితినో ధోరణినో గర్హించడానికి. దీనికి ఒక్క అక్షరం తేడాతో ఉన్న 'డిస్క్రై' అంటే దూరంనుంచి పోల్చుకొని చూడడం, దానితో సంబంధం లేదు. 'లాష్ అవుట్' వెనుక 'ఎట్' రావాలి, అందులో ఆవేశం అదుపు తప్పిన ఛాయ ఉంటుంది. 'రెయిల్ అగైన్‌స్ట్' ఫలితం లేకపోయినా చాలాసేపు ఆక్రోశించడం. ఫల్మినేట్ లాటిన్ మెరుపు నుంచి వచ్చింది, పిడుగులు కురిపించడం అనుకోండి. ఏడాదికి ఒకసారి వాడితే బాగుంటుంది.

రాంట్, హరాంగ్, హెక్టర్ అనే మూడింటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రాంట్ అంటే అర్థంపర్థం లేకుండా ఊగిపోతూ మాట్లాడడం. హరాంగ్ అంటే వినేవారికి విసుగు పుట్టేలా దంచి ఉపన్యసించడం. హెక్టర్ అంటే దబాయించడం. ట్రాయ్ వీరుని పేరే అయినా, పదిహేడో శతాబ్దపు లండన్ వీధుల్లో ఆ పేరు పెట్టుకొని తిరిగిన రౌడీమూకల వల్ల దానికి ఈ గతి పట్టింది. ఈ మూడింటిలో ఏది రాసినా వక్త ఏమన్నాడో చెప్పడం ఆగిపోయి, వక్తపై మీ తీర్పు మొదలవుతుంది. అభిప్రాయ వ్యాసంలో అది మీ హక్కు. వార్తలోను సమావేశపు మినిట్స్‌లోను వాటికి చోటు లేదు.

వాక్యంలో పెట్టి చూడడం

క్రియలోనే ఉన్న అర్థాన్ని మళ్లీ చెప్పకూడదు. 'షౌటెడ్ లౌడ్లీ' అనడం గట్టిగా కేక వేసి అరిచాడన్నట్టు ఉంటుంది. తెలుగులో అలాంటి ద్విరుక్తికి ఒక ఊపు ఉంది, ఇంగ్లీషులో అది బరువు. కథలో వరుసగా వచ్చే సంభాషణల్లో ఒక పాత్ర ఎక్స్‌క్లెయిమ్ చేసి, తరువాతిది బెల్లో చేసి, మూడోది థండర్ చేస్తే చదివేవారు మాటలను వదిలి క్రియలను చూస్తారు. చాలా చోట్ల 'సెడ్' చాలు.

ఇప్పుడు ఒక తెలుగు పేరాను తీసుకుందాం. గ్రామసభలో కార్యదర్శి చెట్టుకింద దూరంగా నిలబడినవారిని కేకేసి దగ్గరికి రమ్మన్నాడు. సర్పంచి లెక్కలు చెబుతుండగా వెనుకనుంచి ఒక యువకుడు పదేపదే అడ్డు తగిలాడు. సర్పంచి అతన్ని కసిరాడు. ఒక పెద్దావిడ లేచి, తన పింఛను ఆరు నెలలుగా అందలేదని అందరిముందు చెప్పింది. సభ గగ్గోలెత్తింది. సర్పంచి మాట ఎవరికీ వినబడలేదు. లెక్కలన్నీ చదివి వినిపించాలని జనం పట్టుబట్టారు.

కార్యదర్శి పనికి కోపం లేదు, దూరం ఉంది కాబట్టి 'కాల్డ్ అవుట్ టు' సరిపోతుంది. 'షౌటెడ్ టు' కూడా తప్పు కాదు, 'ఎట్' మాత్రం రాకూడదు. యువకుడిది హెకిల్. కానీ అతను వేసినవి నిజంగా జవాబు కోరే ప్రశ్నలైతే 'కెప్ట్ ఇంటరప్టింగ్' అనడమే న్యాయం, ఎందుకంటే హెకిల్ అతన్ని అల్లరివాణ్ణి చేస్తుంది. సర్పంచి 'స్నాప్డ్ ఎట్ హిమ్'. పెద్దావిడ దగ్గర ఎక్కువమంది తడబడతారు. ఆమె ధైర్యాన్ని చూపాలని డిక్లేర్డ్, ప్రొక్లెయిమ్డ్, థండర్డ్ అని పైకి ఎగబాకుతారు. ఆమె గొంతు పెంచినట్టు తెలుగులో ఎక్కడా లేదు. 'స్టుడ్ అప్ అండ్ సెడ్, ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీవన్' అంటే ఆ బలమంతా వస్తుంది. సభ గగ్గోలును ఒక్క క్రియలో ఇరికించకుండా 'దేర్ వజ్ ఎన్ అప్‌రోర్' అని రాసి, సర్పంచి మాట వినబడనివ్వకపోవడం జనం కావాలని చేసినదైతే 'షౌటెడ్ డౌన్', కేవలం గోలలో కలిసిపోయినదైతే 'కుడ్ నాట్ బి హర్డ్' అని తేల్చుకోవాలి. తెలుగు వాక్యం ఆ తేడాను చెప్పలేదు కనుక రెండోదే క్షేమం. చివరి వాక్యానికి 'దే ఇన్‌సిస్టెడ్ దట్ ద అకౌంట్స్ బి రెడ్ అవుట్ ఇన్ ఫుల్'. అక్కడ 'వర్' రాస్తే లెక్కలు అప్పటికే చదివేశారని జనమే సర్పంచి తరఫున వాదించినట్టవుతుంది. 'అవుట్' వదిలేస్తే సర్పంచి వాటిని తనలో తాను చదువుకున్నా సరిపోతుంది.